మంచం ఎత్తులో కిటికీ

ఆమెకు పిన్ని అని పేరు పెట్టింది క్లాసు. ఆర్కిటెక్చర్ కాలేజీలో చేరిన మొదటిరోజు ఆమె స్టూడియోలో అడుగుపెట్టగానే పిల్లలందరూ లేచి నిలబడ్డారు, పాఠం చెప్పే మేడమ్ వచ్చిందనుకుని. ఆమె నేరుగా వెనక బల్ల దగ్గరికి వెళ్ళి, సంచీ దించి, స్టూలు లాక్కుని కూర్చునేసరికి ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. కొందరు నిలబడే ఉన్నారు, కొందరు సగం కూర్చున్నారు.

ముందు బల్ల మీదున్న అమ్మాయి గిరుక్కున వెనక్కి తిరిగి, "మిమ్మల్ని ఏమని పిలవాలండీ? ఆంటీ అనాలా, అక్కా అనాలా?" అని అడిగేసింది.

"మీ ఇష్టం. మేడమ్ అని మాత్రం అనకండి, నాకు వెన్నులో వణుకొస్తుంది."

"అయితే పిన్ని. అమ్మకంటే చిన్న, అక్కకంటే పెద్ద. సరిపోయింది!"

ఆ పిల్ల ఎక్కడికొస్తే అక్కడి కాగితాలు ఎగిరి కింద పడేవి కాబట్టి వారం తిరక్కుండానే దానికి సుడిగాలి అని పేరొచ్చింది. ఈ రెండు పేర్లూ చివరిదాకా నిలిచిపోయాయి. హాజరు పిలిచేటప్పుడు అసలు పేరు వినబడితే పిన్నికి ఎవరినో పిలిచినట్టుండేది.

కాలేజీకి రాకముందు ఆమె ఒక ఆర్కిటెక్టు దగ్గర చాలా ఏళ్ళు డ్రాఫ్టింగ్ పని చేసింది. ఆఫీసులో ఆయన్ని అందరూ పెద్దసారు అనేవారు. పెద్దసారు ట్రేసింగ్ కాగితం మీద ఎర్ర పెన్సిల్‌తో గజిబిజిగా నాలుగు గీతలు గీసి ఆమె బల్ల మీద పడేసేవారు. సాయంత్రానికి ఆ గజిబిజి కాస్తా గోడలూ తలుపులూ మెట్లూ కొలతలతో తలస్నానం చేయించినట్టు శుభ్రంగా తయారయ్యేది. ఆయన గీతలో వంకర ఎక్కడ కావాలని పెట్టిందో, ఎక్కడ చెయ్యి జారి వచ్చిందో ఆమెకు చూడగానే తెలిసిపోయేది. సైటు మీద మేస్త్రీలు ఆమె డ్రాయింగు చేతికొస్తే ఊపిరి పీల్చుకునేవాళ్ళు.

అలా కడుపులో చల్ల కదలకుండా సాగిపోతున్న ఉద్యోగం మానిపించి కాలేజీకి తోలింది మొగుడూ కాదు, పుట్టింటివాళ్ళూ కాదు, అత్తగారు. పని అనుభవం ఉన్నవాళ్ళకు యూనివర్సిటీలో కొన్ని సీట్లున్నాయని ఆవిడే ఎక్కడో విని వచ్చింది. ఆనాటి నుంచీ కోడలి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

"ఎన్నాళ్ళే అమ్మాయ్, ఎవరో కన్న పిల్లలకి నువ్వు జడలు వెయ్యడం?"

"ఈ వయసులో కాలేజీ ఏంటత్తయ్యా, నవ్విపోతారు."

"నవ్వనీ. నవ్వితే వాళ్ళ పళ్ళే కనిపిస్తాయి. ఇంటి సంగతి నాకొదిలెయ్."

రైల్వే సిగ్నళ్ళ విభాగంలో పనిచేసే మొగుడు తల్లినీ పెళ్ళాన్నీ మార్చి మార్చి చూసి, "మీరిద్దరూ ఒకటైపోయాక నన్నడగడం దేనికి?" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. అది ఒప్పుకోవడమే. రాజీనామా ఇచ్చిన రోజు పెద్దసారు తలెత్తకుండా "మంచిది" అని ఒక్క ముక్క అన్నారు. ఆయనకు కోపం వచ్చిందనుకుంది పిన్ని. ఆ దిగులు చాలాకాలం మనసులో ముల్లులా ఉండిపోయింది.

మొదటి రెండేళ్ళూ బండి బాగానే నడిచింది. నిర్మాణం, సామగ్రి, కొలతలు, ఇవన్నీ ఆమెకు కొట్టిన పిండి. పిల్లలు సందేహం వస్తే లైబ్రరీకి పోకుండా వెనక బల్ల దగ్గరికి పోయేవాళ్ళు. బదులుగా సుడిగాలి ఆమెకు కంప్యూటర్లో భవనాన్ని గిరగిరా తిప్పి చూపించే విద్య నేర్పింది. చిక్కంతా డిజైన్ క్లాసులో వచ్చింది. మీ ఇష్టం వచ్చినట్టు ఒక ఇల్లు ఆలోచించండి అనగానే పిల్లలు తోచిందల్లా గీసి పారేసేవాళ్ళు. పిన్ని తెల్లకాగితం ముందు పెట్టుకుని పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చునేది. ఎదురుగా ఎర్ర గీత లేదు, చెయ్యి కదలదు. ఎలాగో పట్టుబట్టి గీస్తే తప్పుపట్టడానికి ఏమీ ఉండేది కాదు, మెచ్చుకోవడానికీ ఏమీ ఉండేది కాదు.

స్టూడియో మేడమ్ ముక్కుసూటి మనిషి. పొగడ్త ఆవిడ నోటి నుంచి రావడం గగనం. ఒకసారి పిన్ని డ్రాయింగు ముందు చాలాసేపు నిలబడి, "ఇంత శుభ్రంగా నేను కూడా గీయలేను. కానీ ఇందులో మీరు ఎక్కడున్నారు?" అంది. ఆ ప్రశ్న ఇంటిదాకా ఆమె వెంటే నడిచి వచ్చింది.

మూడో ఏడు మొదట్లో అత్తగారు స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి, నెలల తరబడి మంచం దిగకూడదన్నారు డాక్టర్లు. ఇంటి సంగతి నాకొదిలెయ్ అన్న మనిషి మంచాన పడేసరికి పిన్ని చదువు మానేస్తానంది. మంచం మీది నుంచే అత్తగారు ఇంతెత్తున లేచింది.

"నువ్వు చదువు మానేశావంటే నేను మందులు మానేస్తా. ఆ తర్వాత నీ ఇష్టం."

ఇక మాట్లాడ్డానికి ఏముంది? మొగుడు ఉదయం షిఫ్టు మార్పించుకున్నాడు. హైస్కూల్లో చదివే కూతురు బడి నుంచి రాగానే నానమ్మ పక్కన చేరేది. పిన్ని కాలేజీ నుంచి వచ్చి మిగతాది చూసుకునేది. ఎవరు గదిలోకి వచ్చినా అత్తగారు అడిగే మాట ఒకటే: "బయట ఎవరే వెళ్తున్నది?" వీధిలో చెప్పుల చప్పుడు వినబడుతుంది, నవ్వులు వినబడతాయి, మనిషి మాత్రం కనబడడు. మందులకంటే ఎక్కువగా ఆ చప్పుళ్ళే ఆవిడ్ని వేధించేవి.

ఆ ఏడాది డిజైన్ క్లాసులో ఇచ్చిన పని కూడా అలాంటిదే వచ్చింది. పెద్ద ఆపరేషన్లు అయినవాళ్ళు ఆస్పత్రి నుంచి వచ్చి, ఇంటికెళ్ళే ముందు కొన్ని వారాలు కోలుకోవడానికి ఒక విడిది. పిన్ని ఈసారి పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చోలేదు. గీతలు వాటంతటవే వచ్చాయి. మధ్యలో నడవా, అటూ ఇటూ గదులు, చివర నర్సుల గది, వెనక తోట. హమ్మయ్య, చివరికి నాకూ పట్టుబడింది అనుకుంది.

సగం పని అయ్యాక జ్యూరీ. అంటే బయటి ఆర్కిటెక్టులు వస్తారు, విద్యార్థులు డ్రాయింగులు గోడకు అంటించి, పక్కన నిలబడి తమ ఆలోచన చెప్పుకోవాలి. ఆ రోజు మేడమ్ వెనకాలే లోపలికి వచ్చిన మనిషిని చూసి పిన్ని అలవాటుగా లేచి నిలబడింది. పెద్దసారు.

ఆయన వరసగా చూసుకుంటూ వచ్చారు. సుడిగాలి డిజైన్ దగ్గర ఏదో అని నవ్వించారు. పిన్ని దగ్గరికి వచ్చి కళ్ళజోడు పైకి నెట్టుకుని గోడవైపు వంగారు. పిన్ని మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆగమన్నారు.

"ఈ ప్లాను నాకు తెలుసమ్మా."

ఆయన గోడ మీది గీతల వెంట వేలు పోనిచ్చారు.

"చాన్నాళ్ళ కిందట ఒక నర్సింగ్ హోముకి వేశాను. గీసింది నువ్వే. నడవా ఇదే, నర్సుల గది ఇక్కడే, ఆఖరికి మెట్ల కింద ఆ చిన్న సామాన్ల గది కూడా అదే."

పిన్ని గోడవైపు చూసింది. నిజమే. ఎవరో కళ్ళకు కట్టిన గంత విప్పినట్టయింది. ఆ నర్సింగ్ హోము పేరు కూడా ఆమె మరిచిపోయింది, చెయ్యి మాత్రం మరిచిపోలేదు. కాపీ కొట్టిందనుకుంటారు ఈ పిల్లలంతా. నేల చీలి తనను లోపలికి తీసుకుంటే బాగుండుననిపించింది.

"నేను కావాలని..." అంది పిన్ని.

"కావాలని కాదని నాకు తెలీదా?" పెద్దసారు ఇంకా ముందుకు వంగి, గది నిలువుకోత చూపించే డ్రాయింగు మీద వేలు పెట్టారు. "ఇది మాత్రం నాది కాదు. ఈ కిటికీ. ఇంత కిందికి ఎందుకు దించావు? నా కిటికీలన్నీ నడుం ఎత్తులో ఉంటాయి."

పిన్ని చూసుకుంది. గీస్తున్నప్పుడు అంతగా ఆలోచించిన గుర్తు లేదు. కిటికీ కింది అంచు మంచం ఎత్తుకు సరిగ్గా వచ్చి ఆగింది.

"మా అత్తయ్య మంచంలో ఉన్నారండి," అంది మెల్లగా. "ఆవిడ పడుకున్నచోటి నుంచి వీధి కనబడదు. బయట ఎవరు వెళ్తున్నారని రోజంతా అడుగుతూ ఉంటారు."

పెద్దసారు నిటారుగా నిలబడ్డారు. ముఖంలో ఆఫీసులో ఎన్నడూ చూడని నవ్వు.

"అయితే ఇదొక్కటే నీది. దీన్ని ఉంచుకో. మిగతాదంతా నాకు తిరిగి ఇచ్చెయ్."

పిల్లలు ఘొల్లున నవ్వారు. ఆ నవ్వులో వెక్కిరింత లేదు. పిన్ని కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. మేడమ్ మాత్రం నవ్వకుండా, "ఫైనల్ జ్యూరీ దాకా టైముంది. ఆ కిటికీ నుంచి మొదలుపెట్టండి," అని పక్క బల్లకు వెళ్ళిపోయింది.

బయట వరండాలో పెద్దసారు ఆమె కోసం ఆగారు. "నువ్వు వెళ్ళాక నీ స్థానంలో ఇద్దర్ని పెట్టుకున్నాను. ఇద్దరూ కలిసి నీలో సగం లేరు. అయినా తిరిగి రమ్మని అననులే. వస్తే ఎర్ర పెన్సిల్ పట్టుకునేదానివిగా రా."

"మీకు కోపం వచ్చిందనుకున్నానండి, ఆ రోజు."

"కోపమా? ఏడుపొచ్చింది. పనివాళ్ళ ముందు ఏడిస్తే ఏం బాగుంటుంది?"

ఆ రోజు ఇంటికి వస్తూనే పిన్ని అత్తగారి గదిలోకి వెళ్ళింది. ఫిజియోథెరపీ మనిషి వచ్చి ఆవిడ్ని కాసేపు కుర్చీలో కూర్చోబెట్టే వేళ అది. మంచం ఖాళీ అయింది. పిన్ని సంచీ కింద పెట్టి, మంచమెక్కి, అత్తగారి తలగడ మీద తల పెట్టి వెల్లకిలా పడుకుంది.

"ఏమే, ఒంట్లో బాగాలేదా?" అత్తగారు కంగారుపడింది.

"మీకేం కనబడుతుందో చూద్దామని."

ఫ్యాను. ఫ్యాను రెక్కల అంచున మసి. బీరువా మీద ఎవరూ దించని పెట్టెలు, వాటి అడుగుభాగాలు. కిటికీ పైముక్కలో ఒక కరెంటు తీగ, దాని వెనక ఆకాశం. తలుపు కాళ్ళ వైపు ఉంది గానీ సగం తెరిచిన రెక్క అడ్డం, ఎవరు వస్తున్నారో లోపలికి వచ్చేదాకా తెలియదు. లైటు స్విచ్చి ఎదురుగోడకి, చంద్రమండలం అంత దూరంలో. ఈ ఇంట్లో ఇన్నేళ్ళు కాపురం చేసింది. ఈ గదిని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టుంది.

"చూశావా నా రాజ్యం?" అంది అత్తగారు కుర్చీలోంచి. "ఆ పెట్టెలకి తాళాలున్నాయో లేవో నిన్నటికి తేల్చుకున్నాను. ఒకదానికి లేదు."

పిన్ని పడుకునే నవ్వింది. నవ్వుతూనే సంచీలోంచి కాగితం అందుకుని, మోకాళ్ళ మీద పెట్టుకుని అక్కడి నుంచే గీయడం మొదలుపెట్టింది. ఎదురుగా ఎర్ర గీత లేదు. చెయ్యి ఆగలేదు.

మంచం చుట్టూ గది వచ్చింది. కిటికీ పక్కనే మంచం, పరుపు ఎత్తులో కిటికీ అంచు, పడుకునే లాక్కునేలా తెర. చెయ్యి చాపితే అందే స్విచ్చి. వచ్చేవాళ్ళ ముఖం ముందే కనబడేలా పక్కకు తిరిగిన తలుపు. కిటికీ బయట ఏముండాలన్న దగ్గర ఆమె ఆగిపోయింది. పాత ప్లానులోలాగే తోట పెట్టింది. రోగులకు ప్రశాంతత కావాలని క్లాసులో అందరూ తోటే పెట్టారు మరి.

అత్తగారికి చూపిస్తే మూతి ముడిచింది. "చెట్లా? చెట్టు పొద్దున్న ఎలా ఉందో సాయంత్రం అలాగే ఉంటుంది. నాకు మనుషుల్ని చూపించవే. కొట్లాడుకునేవాళ్ళు ఉంటే మరీ మంచిది."

పిన్ని భవనాన్ని తిప్పి ముఖం వీధివైపు పెట్టింది. పెట్టగానే కొత్త తంటా. అంత కిందికి కిటికీ ఉంటే వీధిలో పోయేవాడు లోపలికి తొంగిచూడడా? వారం రోజులు ఆ ముడి విప్పలేక తల పట్టుకుంది. ఆమె అవస్థ చూసి సుడిగాలి ఒక సెలవురోజు మరో నలుగురిని వెంటేసుకుని ఇంటికి వచ్చింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు, అత్తగారు కుర్చీలోకి మారగానే ఒకరి తర్వాత ఒకరు ఆ మంచం మీద పడుకుని చూశారు. ఆవిడ సంబరం అంతా ఇంతా కాదు.

"బూట్లు విప్పి ఎక్కు నాయనా. తల ఆ పక్కకి. ఊఁ, ఇప్పుడు చెప్పు, ఏం కనబడింది?"

"ఏమీ కనబడలేదు నానమ్మా."

"కదా! నా బతుకు అదీ!"

కిటికీ బయట వీధిలో నిలబడి సుడిగాలి ఎగిరెగిరి లోపలికి చూస్తూ, "పిన్నీ, నేను పొట్టి కాబట్టి సరిపోయింది, లేకపోతే మీ గుట్టంతా బయటపడేది!" అని అరిచింది. పిన్ని కిటికీలోంచి దాని నడినెత్తిని చూసింది. చూస్తూ ఉండిపోయింది. వీధిలో మనిషి పొట్టి అయితే చాలు. మనిషిని పొట్టి చెయ్యలేం గానీ గదిని ఎత్తగలం. నేలను మనిషి ఛాతీ దాకా లేపితే పరుపు ఎత్తులో ఉన్న కిటికీ నడిచేవాడి తల దాటిపోతుంది. లోపలున్నవాళ్ళు వీధి అవతలి వైపున వెళ్ళేవాళ్ళందర్నీ చూడొచ్చు, కిందివాళ్ళకు కిటికీ అంచు తప్ప ఏమీ కనబడదు.

"దొరికింది!" అని ఆమె వేసిన కేకకు అత్తగారు ఉలిక్కిపడింది.

ఎత్తు ఎక్కడానికి మెట్లు కుదరవు, విరిగిన తుంటితో ఎవరెక్కుతారు? అందుకని వాలుబాట పెట్టింది. కోలుకునేవాళ్ళు ఎలాగూ రోజూ నడవాలి కదా అని ఆ బాటనే నడక నేర్చుకునే చోటు చేసింది. మలుపు మలుపుకీ ఒక బల్ల, పట్టుకోవడానికి రెండు వైపులా కమ్మీలు. చివరి మలుపు దగ్గర వీధిలోకి తెరుచుకునే చిన్న అరుగు. ఒక ముడి విప్పితే రెండోది దానంతటదే వదులవుతూ వచ్చింది. ఇన్నేళ్ళూ పెద్దసారు గీతల వెనక ఉన్నది ఇదా అనుకుంది పిన్ని. ఆయన మీద ఎన్నడూ లేనంత అభిమానం పుట్టుకొచ్చింది. మోడల్ చెయ్యడానికి మొగుడు కూర్చున్నాడు. సిగ్నల్ తీగలు పట్టిన చేతులు, కమ్మీలన్నీ సన్నటి తీగతో వంచి ఇచ్చాడు. కూతురు అట్టముక్కతో చిన్న మంచం చేసి, దాని మీద పడుకున్న మనిషిని కూడా పెట్టింది.

ఫైనల్ జ్యూరీకి పెద్దసారు రాలేదు, కొత్త ముఖాలు వచ్చాయి. అందులో ఒకాయన కిటికీ మీదికే వచ్చాడు.

"ఇంత కింద కిటికీ పెడితే దారిన పోయేవాళ్ళు చూడరా?"

"చూడలేరండి," అని మొదలుపెట్టింది పిన్ని. వీధి, నేల, పరుపు, పడుకున్న మనిషి కన్ను, ఒక్కొక్కటే చూపిస్తూ పోయింది. మధ్యలో ఆయన ఒక తప్పు పట్టాడు, వాన జల్లు మంచం మీదికి కొడుతుందని. అది నిజమే. ఆమెకు తట్టలేదు. "కొడుతుందండి. పైన చూరు ఇంకా ముందుకు రావాలి," అని అక్కడే పెన్సిల్‌తో గీసి చూపించింది. మొదటి బహుమతి సుడిగాలికి వచ్చింది. పిన్నికి రెండోది. స్టూడియోలో కేకలు మాత్రం రెండోదానికే ఎక్కువ పడ్డాయి.

చదువు పూర్తయిన ఏడాది కాలేజీవాళ్ళు అన్ని క్లాసుల పనులూ కలిపి ప్రదర్శన పెట్టారు. పిన్ని చివరి ఏడాది చేసిన పెద్ద ప్రాజెక్టు ఉన్నా, ఈ విడిదినే పెట్టమంది మేడమ్. అప్పటికి అత్తగారు చేతికర్రతో నడుస్తోంది. ప్రదర్శనకు తీసుకెళ్ళకపోతే ఊరుకునేలా లేదు. తీరా వెళ్ళాక, కోడలి డ్రాయింగు ముందు స్టూలు వేయించుకుని కూర్చుని, వచ్చేపోయేవాళ్ళకి తనే వివరించడం మొదలుపెట్టింది.

"ఇదిగో, ఇక్కడ పడుకుంటే వీధంతా కనిపిస్తుంది. తోట పెట్టబోయింది, నేనే వద్దన్నాను."

"మీరేనా డిజైన్ చేసింది?" అని అడిగాడు ఒక పెద్దమనిషి గౌరవంగా.

"ఇద్దరం చేశాం బాబూ. నేను పడుకున్నాను, మా అమ్మాయి గీసింది."

పక్కన నిలబడ్డ మొగుడు నవ్వు ఆపుకోలేక కూతుర్ని తీసుకుని అవతలికి పోయాడు. జనం వెనకాల పెద్దసారు కనిపించారు. అడ్డొచ్చి పలకరించకుండా, చేతులు వెనక్కి కట్టుకుని ఆవిడ చెప్పేదంతా బుద్ధిగా వింటున్నారు. వచ్చేవారం నుంచి ఆయన ఆఫీసులో పిన్నికి కిటికీ పక్క బల్ల. వేరే బల్ల, వేరే పని.

పిన్ని వాళ్ళందర్నీ ఒకసారి చూసుకుంది. ఈ మనుషులంతా లేకపోతే తాను ఎక్కడ? ఎవరో ఒకరికి ఆ మాట చెప్పుకోకపోతే ఉండలేననిపించి మేడమ్‌ను వెతుక్కుంటూ వెళ్ళింది. గుమ్మం దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్న మేడమ్ ఇటు తిరిగింది.

"మేడమ్, నేను మీకు... ఆ రోజు మీరు అడక్కపోతే, నేనెక్కడున్నానని..." అంటూ పిన్ని ఆవిడ రెండు చేతులూ పట్టుకుని నిలబడిపోయింది.

మేడమ్ కళ్ళు ఒక్క క్షణం చెమర్చాయి. వెంటనే సర్దుకుని, పిన్ని భుజం మీదుగా లోపలికి చూసింది.

"అదంతా తర్వాత చెప్పుకుందాం. ముందు మీ అత్తగారి సంగతి చూడండి. తుంటి విరిగిన మనిషిని వీపు ఆనే దిక్కులేని స్టూలు మీద కూర్చోబెడతారా? మీరేం ఆర్కిటెక్టు? నా గదిలో చేతుల కుర్చీ ఉంది, తీసుకురండి."

పిన్ని నవ్వుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ మేడమ్ గదికి పరిగెత్తింది. కుర్చీ టేకుది, బరువైనది. రెండు చేతులా ఎత్తి పట్టుకుని నడవాలోంచి వస్తుంటే సుడిగాలి ఎదురొచ్చి అటు కొస అందుకుంది. దారి వదలమని జనాన్ని అదిలిస్తూ, గుమ్మానికి కుర్చీ కాలు ఒకసారి తగిలించుకుని, ఇద్దరూ దాన్ని లోపలికి చేర్చారు.